చప్పట్లు కొట్టేసేరు గదా

మా ఆయన పైడిరాజు బిలాస్‌పూర్ యార్డులో పాయింట్స్‌మేన్‌గా చేసి మొన్న మే నెలాఖరున రిటైరయ్యేడు. పాయింట్స్‌మేన్ అంటే ఏటో తెలీనివాళ్ళకి చెప్తాను. పట్టాలు రెండుగా చీలే చోట బండి ఇటు పోవాలా అటు పోవాలా అన్నది పాయింట్లు తిప్పి సరిచేసే మనిషి. నవ్వకండి. బళ్ళన్నిటికీ దారి చూపించినాయనకి తనెటు పోవాలో మాత్రం ఏనాడూ తెలీలేదు. డ్యూటీలో ఆయనకి చింత లేదు. సిగ్నల్ కేబిన్లోంచి అయిదో లైను అంటే అయిదో లైనే. ఎందుకేటి అని అడిగే పని లేదు, ఆలోచించే పని అంతకన్నా లేదు. ఇంటికొచ్చేక ఆ కేబిన్ నేను.

పెళ్ళిచూపులనాడే నాకీ సంగతి తెలిసిపోయింది. మా నాన్నదీ రైల్వేయే, ఇదే రైల్వే కాలనీ. పకోడీలు పెట్టేరు, టీలిచ్చేరు, "పిల్ల నచ్చిందా బాబూ?" అని మా నాన్న అడిగేడు. ఈయన వాళ్ళమ్మ కేసి చూసేడు. ఆవిడ మా మావ కేసి చూసింది. మావ పకోడీ కేసి చూసేడు. తలుపు చాటున నిలబడి నిలబడి నా కాళ్ళు పీకేస్తన్నాయి. "నచ్చిందనుకోండి, ముందు ఆ టీలు తాగండి, చల్లారిపోతన్నాయి" అని లోపల్నుంచి అరిచేను. మా అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. ఈయన మొహం మాత్రం వెలిగిపోయింది. హమ్మయ్య, ఎవరో ఒకరు చెప్పేరు. ఆ రోజు మొదలు మా ఇంట్లో ఏ సంగతైనా నేనే చెప్పాలి.

ఒకసారి నేను కోర్బా పెళ్ళికి వెళ్ళినప్పుడు ఈయనకి మీసం తీసేద్దామని బుద్ధి పుట్టింది. సగం తీసేక, ఉంచేస్తే బాగుంటాదేమో అని అనుమానం వచ్చిందట. నేను తిరిగొచ్చేదాకా ఆ సగం మీసంతోనే డ్యూటీ చేసేడు. ఎవరడిగినా "కనకం రానీ" అన్నాడట. కనకం అంటే నేనే, కనకమహాలక్ష్మిని. అడిగినవాళ్ళు అదేదో మొక్కుబడి అనుకుని దండం పెట్టుకుని పోయేరు. నేను బండి దిగి ఆ మొహం చూసి, "తీసేయ్ బేగి, ఖర్మ" అన్నాను. ప్లాట్‌ఫారం మీద నుంచే పరుగెట్టేడు.

అదృష్టవంతురాలివే, మొగుడు నువ్వు గీసిన గీత దాటడు అంటారందరూ. ఏడిసినట్టుంది అదృష్టం. మంచి జరిగితే ఇద్దరిదీ, చెడిపోతే నాదీ. గోడలకి పచ్చరంగు వేయిస్తే కళ్ళు పొడిచేస్తన్నట్టుందన్నవాళ్ళందరితో "కనకం చెప్పింది" అన్నాడు. మా ఒక్కగానొక్క కూతురు స్వాతిని కామర్సులో చేర్పిస్తే మొదటేడు తప్పింది. "కనకం చెప్పింది." అదే పిల్ల నాగపూర్లో బ్యాంకు ఉద్యోగం తెచ్చుకుంటే "మా స్వాతి తెలివైంది" అన్నాడు. మా తెలుగు సంఘం ప్రెసిడెంటు గోవిందరావు బాబాయ్‌కైతే నలుగురిలో ఎప్పుడూ ఒకటే మాట. "పైడిరాజు ఇంటి సిగ్నలు కనకం చేతిలో ఉందిరా" అంటాడు. అందరూ నవ్వుతారు. ఈయనా నవ్వుతాడు. నేనూ నవ్వేను చాన్నాళ్ళు. ఒకనాడు మాత్రం నవ్వు రాలేదు. ఇంటికొచ్చి అన్నం వండుతూ ఏడిచేను. "నాకిది కావాలి కనకం" అనే ఒక్క మాట ఈ మనిషి నోట వినకుండానే చచ్చిపోతానేమో అని భయమేసింది.

సరిగ్గా అప్పుడే రిటైర్మెంటు దగ్గర పడింది. క్వార్టరు ఖాళీ చెయ్యాలి, మరెక్కడికి పోవాలి? ఒకటి, ఇక్కడే మంగ్లాలో మా అప్ప, అదే మా అక్క, అచ్చియమ్మ ఇంటి పక్క వాటా అద్దెకి తీసుకోవాలి. లేదంటే వైజాగ్. వైజాగ్‌లో మాకేటుందని అడక్కండి. ఏటీ లేదు. మా తాతలు ఎప్పుడో విజయనగరం వేపునుంచి రైలు పనికొచ్చేరు. అందుకని ఈ కాలనీలో పుట్టిన ప్రతి తెలుగువాడూ "రిటైరయ్యేక వైజాగ్ ఎల్లిపోతాం" అంటాడు. ఎవడూ వెళ్ళడు. ఎదురుపడితే నమస్కారం పెట్టినట్టు, అదొక అలవాటు మాట. గోవిందరావు బాబాయ్ గార్డుగా రిటైరయ్యి ఎన్నేళ్ళయిందో ఆయనకే లెక్క లేదు, వచ్చే ఏడు ఎల్లిపోతాననే అంటాడు ఇప్పటికీ.

నాకైతే బిలాస్‌పూర్ ఒగ్గడం ఇష్టం లేదు. దాపరికం ఏటీ లేదు. బుధవారీ బజార్లో నాకోసం లాల్ భాజీ, అదే ఎర్రతోటకూర, కట్టలు పక్కనెట్టే రుక్మిన్ బాయి ఉంది. సాయంత్రమైతే గుడి అరుగు మీద మా ఆడవాళ్ళ మేళం ఉంది. మా అప్ప ఉంది. యార్డులో డబ్బాలు గుద్దుకునే షంటింగు చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టదు. ఈయనకీ ఇష్టం లేదని నాకు తెలుసు. వైజాగ్ మాటెత్తితే చాలు, కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంటాడు. కానీ చెప్పడు. "నువ్వేటంటావు కనకం?" అని పొద్దున్న అడుగుతాడు, మళ్ళీ అన్నం తింటూ అడుగుతాడు.

ఇదొక్కటి మాత్రం నేను చెప్పకూడదనుకున్నాను. గుడికెళ్ళి పైడితల్లి అమ్మవారి ముందు ఒట్టు పెట్టుకున్నాను. తల్లీ, ఉండమనీ అనను, ఎల్లమనీ అనను. ఈ ఒక్కసారికి ఆయన మనసులోది ఆయన నోటితో నలుగురి ముందూ చెప్పాలి, అంతవరకూ నా నోరు కట్టేసుకుంటాను. ఏదంటే దానికి తలొంచుకుని పోతాను, వైజాగైనా సరే. అమ్మవారు ఏటీ అనలేదు. పూజారి మాత్రం "నువ్వు నోరు కట్టుకోవడమేటమ్మా!" అని కంగారు పడ్డాడు.

నేను చెప్పకపోయేసరికి ఈయన ఊరి మీద పడ్డాడు. కేబిన్లో అడిగేడు, పాలవాణ్ణి అడిగేడు, మస్తూరీ నుంచి బియ్యం తెచ్చే ఆసామిని అడిగేడు. "వైజాగ్ ఎక్కడుంది భయ్యా?" అన్నాడట ఆ ఆసామి. స్వాతికి ఫోను చేస్తే అది "పప్పా, ఆప్ హీ డిసైడ్ కరో నా, నువ్వే చెప్పు, మమ్మీని ఒగ్గేయ్" అని పెట్టేసింది. మంగలిషాపులో కూర్చుని మంగలిని అడిగేడు. మంగలి "ఉండిపోండి సాబ్" అన్నాడు. ఆ మాటకి సంతోషించొద్దా? "పాపం, గిరాకీ పోతాదని అలాగన్నాడు కనకం, వాడి మాట లెక్కలోకి రాదు" అన్నాడు ఇంటికొచ్చి. ఏటనాలి ఇలాటి మనిషిని?

రిటైర్మెంటు రోజు యార్డు షెడ్డులో మీటింగు పెట్టేరు. దండలు, సమోసాలు, మైకు. నన్నూ ముందు వరసలో కూర్చోబెట్టేరు. పెద్దాఫీసరు మంచాయన, నవ్వుతూ "పైడిరాజు జీ, ఇక ఎక్కడ సెటిలవుతారు?" అని మైకు ఈయన చేతిలో పెట్టేడు. ఈయన మైకు పట్టుకుని నా కేసి చూసేడు. నేను పైకి చూసి ఫ్యాను రెక్కలు లెక్కెట్టుకుంటన్నాను. మైకులోంచి ఈయన ఊపిరి గుర్రుగుర్రుమని అందరికీ వినిపిస్తంది. వెనకనించి గోవిందరావు బాబాయ్ ఈయన నడ్డి మీద వేలెట్టి పొడిచి, "వైజాగ్ అనరా, సచ్చినోడా" అన్నాడు.

"వైజాగ్" అన్నాడు ఈయన మైకులో.

చప్పట్లు కొట్టేరు చూడండీ, షెడ్డు రేకులు ఎగిరిపోతాయనుకున్నాను. ఎవడో "భారత్ మాతా కీ" అని కూడా అరిచేడు, ఎందుకో తెలీదు. ఆఫీసరు వాటేసుకున్నాడు. ఇంటికొచ్చేక ఈయన మంచం మీద కూలబడి, "నాకు వైజాగ్ అనాలని లేదు కనకం" అన్నాడు. వచ్చేస్తంది, మాట వచ్చేస్తంది అనుకున్నాను. "మరి?" అన్నాను. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువన్లేదు, ఒట్టు కాపాడుకోవాలి గదా.

"ఇప్పుడెలగ మారుస్తాం? చప్పట్లు కొట్టేసేరు గదా" అన్నాడు.

ఇంక మొదలైంది సాగనంపడం. యార్డు వాళ్ళది ఒకటి, సంఘం వాళ్ళది ఒకటి, గుడి కమిటీది ఇంకొకటి, ఎవరికి వాళ్ళే. వచ్చిన ప్రతివాడూ శాలువా కప్పి గోడగడియారం ఇచ్చేడు. ఇల్లంతా గడియారాలు, ఒక్కటీ ఇంకోదాంతో కలవదు. ఎప్పుడూ ఏదో ఒకటి గంట కొడతానే ఉంది. ఆడవాళ్ళు నాకు అత్తారింటికి పంపినట్టు సారె పెట్టేరు. చీర, పసుపు కుంకుమ, చలివిడి. గోవిందరావు బాబాయ్ పెళ్ళాం నా బొట్టు దిద్ది, "సారె పట్టుకెళ్ళినోళ్ళు వెనక్కొస్తే పెట్టినోళ్ళకి అరిష్టమే కనకం, జాగ్రత్త" అంది. అది మా కాలనీలో పాత మాటే, కాకపోతే ఇన్నాళ్ళూ ఎవరూ నిజంగా వెళ్ళలేదు గనక దాంతో పని పడలేదు. ఆవిడ చెప్తూంటే ఈయన మొహంలో నెత్తురు చుక్క లేదు. సామానంతా అప్ప ఇంట్లో పడేసేం, వైజాగ్‌లో ఇల్లు దొరికేక పంపమని. మేం రెండు పెట్టెలూ ఒక బెడ్డింగూ పట్టుకుని, ముందు బ్యాండు వాయిస్తంటే, స్టేషనుకి నడిచేం. నేను నవ్వుతూ దండాలు పెట్టేను. లోపల మాత్రం ఏడుస్తన్నాను.

బండి కదిలింది. భాటాపారాలో ఈయన నీళ్ళకని దిగేడు. బండి కూతేసింది. ఈయన ఒక కాలు మెట్టు మీదా ఒక కాలు ప్లాట్‌ఫారం మీదా పెట్టి నా కేసి చూస్తన్నాడు. కిటికీలోంచి నేనూ చూస్తన్నాను. నాలిక కొరుక్కున్నాను, ఉప్పగా తగిలింది. లోపలున్నవాడెవడో జబ్బ పట్టి లాగేడు గనక సరిపోయింది, లేకపోతే ఆ రోజుతో నా తాళి తెగును.

రాయపూర్‌లో బండి చాలాసేపు ఆగుతుంది. "టీ తాగి వస్తాను" అని లేచి, ఉత్తచేతులతో వెళ్ళకుండా ఒక పెట్టె పట్టుకుని దిగేడు. టీ తాగడానికి పెట్టెందుకేటి? మళ్ళీ వచ్చి రెండోది దింపేడు. తర్వాత మొదటిది ఎక్కించేడు. బెడ్డింగు దింపేడు. నేను ఒకటే నియమం పెట్టుకున్నాను, సామాను ఎక్కువ ఎక్కడుంటే నేనక్కడ. పెట్టెలు దిగితే దిగేను, ఎక్కితే ఎక్కేను. ఎదురు సీటు ముసలాయన "బేటీ, ఏటి సంగతి, పోలీసులా?" అని చెవిలో అడిగేడు. ఒక కూలీ వచ్చి తనే మోస్తానన్నాడు, ఎటు మోయాలో చెప్పేవాళ్ళు లేక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అలా సామానంతా కిందనున్న ఒకానొక క్షణంలో బండి కదిలి వెళ్ళిపోయింది. మేం ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయేం. ఈయన వెళ్ళిపోతున్న బండి కేసి చూసి, "పోయింది" అన్నాడు. ఆ గొంతులో ఎంత సంతోషమో! నాకూ ఎగిరి గెంతాలనిపించింది. కానీ ఇది ఆయన నిర్ణయమేటి? బండి నిర్ణయం. నా ఒట్టు అలాగే ఉంది.

తిరుగు బండిలో బిలాస్‌పూర్ వచ్చి, వెనక గేటునించి దొంగల్లా బయటపడి మంగ్లాలో అప్ప ఇంట్లో దూరేం. అచ్చియమ్మ తలుపు తీసి, "వైజాగ్ బేగి అయిపోయిందేటే?" అంది. రెండ్రోజులాగి అందరికీ చెప్పేద్దాం అన్నాడు ఈయన. ఆ రెండ్రోజులు అయిపోయేక ఇంకో రెండ్రోజులన్నాడు. పగలు గుమ్మం దాటడు. ఫోను మోగితే చాలు ఎగిరిపడతాడు. "ఆఁ, వైజాగే బాబాయ్. ఆఁ, గాలి బాగుంది. చేపలా? బోల్డు." ఇన్నేళ్ళలో ఎన్నడూ అబద్ధం ఆడని మనిషి! నిజం ఒక్కసారి చెప్పలేక, అబద్ధం రోజుకి పదిసార్లు చెప్తన్నాడు. చూస్తంటే కోపం, జాలి రెండూ వచ్చేవి. ఒకనాడు నిలదీసేను. "ఏటయ్యా, ఎన్నాళ్ళిలాగ?" అన్నాను. "సారె పెట్టేరు గదే, అరిష్టం గదే" అని గోడ కేసి తిరిగి పడుకున్నాడు.

అంతలో గోవిందరావు బాబాయ్‌కి మనవడు వీడియో కాల్ నేర్పేడు. కొంప మునిగింది. "ఒరే పైడీ, సముద్రం చూపించరా, ఈ జన్మలో మళ్ళీ చూస్తానో లేదో, గుండెకి స్టెంటేసినోణ్ణి" అని రోజూ ప్రాణం తీస్తన్నాడు. ఈయన నా కేసి చూసేడు. నేను చింతపండు పిక్కలు తీసుకుంటన్నాను. చివరికి ఒక సాయంత్రం తలకి తువ్వాలు చుట్టుకుని మంగ్లా వెనక అర్పా ఏటికెళ్ళేడు. వెనకాలే నేనూ వెళ్ళేను, చూడకుండా ఉండగలనా? జూన్ నెల, ఏట్లో నీటిబొట్టు లేదు, కనుచూపు మేర ఇసక. ఫోను పైకెత్తి ఇసక చూపించేడు.

"ఆహా" అన్నాడు బాబాయ్. "ఎంత ఇసకరా! మరి నీళ్ళేవిరా?"

"ఆటు బాబాయ్. సముద్రం కాస్త వెనక్కెళ్ళింది."

"కాస్తేటిరా, కనిపించట్లేదే! అదేటి, గేదెలా ఉంది?"

"ఇక్కడ గేదెలు ఈతకొస్తాయి బాబాయ్."

గేదెని తోలుకుపోయేవాడు అదే సమయానికి "ఏ బబా, హట్ నా గా!" అని తప్పుకోమంటూ అరవాలా? బాబాయ్ ఆశ్చర్యపోయేడు. "వైజాగ్‌లో ఛత్తీస్‌గఢీ ఏటిరా?" అన్నాడు. "టూరిస్టులు బాబాయ్, మనవాళ్ళే" అని ఫోను కట్టేసేడు ఈయన. చెమటతో చొక్కా తడిసిపోయింది. నాకు నవ్వాగక అప్ప గట్టు మీద కూర్చుండిపోయేను. అప్ప కాదు, అర్పా గట్టు. చూసేరా, తల్చుకుంటే ఇప్పటికీ మాట తడబడతంది.

నవ్వింది చాలక మర్నాడు ఏడుపు కూడా రాసిపెట్టుంది. బజారుకెళ్ళిన మా అప్ప సంచీ ఖాళీగా పట్టుకుని, రొప్పుతూ వచ్చింది. "ఒలే కనకం, మీరిద్దరూ చచ్చిపోయేరటే!" అంది. విషయమేటంటే, సునామీ వచ్చేముందు సముద్రం వెనక్కెళ్తుందని బాబాయ్ ఎప్పుడో టీవీలో చూసేడు. నీళ్ళు కనిపించనంత వెనక్కెళ్ళిందంటే ఎంత సునామీ రావాలి! కాలనీ అంతా చెప్పేడు. ఫోన్లు చేస్తే ఈయన భయపడి ఫోను ఆపేసేడు. అదిగో, కొట్టుకుపోయేరు అన్నారు. టీవీలో ఏటీ చెప్పట్లేదే అని ఎవరో అంటే, "జనం బెదిరిపోతారని దాచేస్తన్నారు" అన్నాడట బాబాయ్. గుళ్ళో మాకోసం దీపాలు పెట్టేరు. ఇప్పుడు బాబాయ్ తాడూ, ట్రాక్టరు ట్యూబూ పట్టుకుని స్టేషనుకి బయల్దేరేడు, వైజాగ్ వెళ్ళి మమ్మల్ని వెతకడానికి.

నవ్వు ఎగిరిపోయింది. ఈ ఎండలో, ఆ గుండెతో, రాత్రంతా బండిలో! అక్కడ ఇసకలో మాకోసం వెతుకుతూ ఆ ముసలాయనకేదైనా అయితే? "ఫోను చెయ్యి" అనేదాన్నే. పెదవి దాకా వచ్చింది. ఒట్టూ గిట్టూ తీసి గట్టున పెట్టేద్దామనుకున్నాను. తలెత్తి చూస్తే ఈయన చెప్పులేసుకుంటన్నాడు. ఎడమది కుడికాలికి, కుడిది ఎడమకాలికి. నా కేసి చూడలేదు. నన్నేటీ అడగలేదు. గేటు తీసుకుని పరుగెత్తి ఆటో ఆపేడు. పట్టపగలు, నెత్తిన తువ్వాలు కూడా లేకుండా. నేను పరుగున వెళ్ళి ఆ ఆటోలో పడ్డాను.

ప్లాట్‌ఫారం మీద కాలనీ సగం ఉంది. మధ్యలో బాబాయ్, జబ్బకి తాడు చుట్ట, మెడలో గాలి కొట్టిన ట్యూబు. బండొచ్చి ఆగి ఉంది. ఆ ట్యూబుతో తలుపులో పట్టక అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి దూరుతన్నాడు.

"బాబాయ్!" అని అరిచేడు ఈయన.

అందరూ తిరిగేరు. ఒకావిడ "అమ్మో, దెయ్యాలు!" అని కెవ్వుమని బెంచీ వెనక నక్కింది. బాబాయ్ మాత్రం గబగబా వచ్చి ఈయన చొక్కా పట్టుకుని తడిమేడు. "తడి లేదేటిరా?" అన్నాడు.

"నేను వైజాగ్ ఎల్లలేదు బాబాయ్."

"మరి సముద్రం?"

"అర్పా ఏరు."

"గేదె?"

"మంగ్లా గేదె."

బాబాయ్ కళ్ళల్లో నీళ్ళు తిరిగేయి, ముందు బతికున్నామని. తర్వాత అవే కళ్ళు ఎర్రబడ్డాయి. "సారె పెట్టేం గదరా! శాలువాలు కప్పేం! బ్యాండుని పిలిచి నేను దగ్గరుండి నడిపించేను! ఎల్లలేదంటే ఏటర్థం?" అని కేకలేసి, నా కేసి వేలు చూపించేడు. "తెలుసులేరా. కనకం ఆపేసుంటాది. సిగ్నలు దాని చేతిలోనే గదా."

ఎవరో కిసుక్కుమన్నారు. అందరి కళ్ళూ నా మీదున్నాయి. ఇదిగో, ఇప్పుడు కూడా తలూపుతాడు, "కనకం చెప్పింది" అంటాడు, అక్కడితో తెల్లారిపోద్ది నా బతుకు అనుకున్నాను. ఇంక ఆ మాట విని బతకగలనో లేదో నాకే తెలీదు.

"కనకం నోరిప్పలేదు" అన్నాడు ఈయన. "ఇన్నాళ్ళూ అది ఒక్క ముక్క అనలేదు బాబాయ్, ఉండమనీ ఎల్లమనీ. మైకులో నేను చెప్పింది మీ మాట. అది తప్పు. నాకు వైజాగ్ ఎల్లాలని లేదు. ఎప్పుడూ లేదు. నా మాట నేను మార్చుకుంటన్నాను, ఇక్కడే ఉంటాను. నేనే అనుకున్నాను, నాకే ఉండాలని ఉంది."

బండి కూతేసి కదిలిపోయింది. బాబాయ్ ట్యూబు కింద పడేసి దాని మీద కూర్చున్నాడు. "మరి మేం చప్పట్లు కొట్టేం గదరా" అన్నాడు నీరసంగా.

"కొట్టినోళ్ళందరూ తిట్టండి బాబాయ్. పడతాను."

తిట్టేరు. మొహమాటపడలేదు ఎవరూ. బ్యాండు ఖర్చు అన్నారు, దీపాల నూనె అన్నారు, అరిష్టం వస్తే నీదే పూచీ అన్నారు. బెంచీ వెనకున్నావిడ నెమ్మదిగా బయటికొచ్చి అందరికంటే గట్టిగా తిట్టింది. ఈయన తలొంచుకోకుండా ప్రతి తిట్టుకీ "ఆఁ, నిజమే" అని నిలబడ్డాడు. మధ్యలో ఒకడు "పోనీ, నెలాఖరుకైనా ఎల్తావేటి?" అంటే, "ఎల్లను" అన్నాడు. ఎంత చక్కగా అన్నాడో! ఆ ఒక్క మాటకి ఆయనకి అక్కడే దిష్టి తియ్యాలనిపించింది.

తిట్లు సన్నగిల్లేక నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు. "నిన్ను అడక్కుండా చెప్పేసేను కనకం" అన్నాడు. "నాది నేను చెప్పేను. మరి నీకేటి కావాలో చెప్పు. వైజాగంటే చెప్పు, ఇంటికెళ్ళి పోట్లాడుకుందాం."

ఏటి చెయ్యాలో అడగండి, నిద్రలో లేపినా చెప్తాను. నాకేటి కావాలో మాత్రం పుట్టింట్లోగానీ మెట్టినింట్లోగానీ అడిగిన మనిషి లేడు. "ఉండాలి" అన్నాను. "నాకిక్కడే ఉండాలని ఉందయ్యా." అంతే, ఏడుపు తన్నుకొచ్చేసింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు, ప్లాట్‌ఫారమంతా వినిపించేటట్టు ఏడిచేను.

"అయ్యో పాపం" అన్నాడు బాబాయ్ ట్యూబు మీంచి. "కనకానికి వైజాగ్ ఎల్లాలని ఉందిరా, పైడీ. ఎలగ ఏడుస్తందో చూడు."

"లేదు బాబాయ్" అన్నాడు మా ఆయన. "దానికేటి కావాలో నాకు చెప్పింది" అని, నా చెయ్యి పట్టుకుని బయట ఆటోల కేసి నడిచేడు.